ఆయిల్ బర్నర్ వెలగడం లేదా? స్పార్క్, నాజిల్ ఇలా చూసుకోండి

మోటారు తిరుగుతుంది, ఫ్యాన్ హోరు వినిపిస్తుంది, మంట మాత్రం రాదు. కొన్ని సెకన్లకే బర్నర్ లాకౌట్ అయి, అంటే మంట రాలేదని తనంతట తానే ఆపుకుని, ఆగిపోతుంది. అప్పుడు చెయ్యి రీసెట్ బటన్ మీదికే పోతుంది. ఒక్కసారి నొక్కి చూడండి, అంతటితో ఆపేయండి. నొక్కిన ప్రతిసారీ వెలగని ఆయిల్ ఛాంబర్‌లో చేరుతుంది, ఎప్పుడో అదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. ఇప్పటికే చాలాసార్లు నొక్కి ఉంటే ఇక స్టార్ట్ చేయకండి. ఆ ఆయిల్ తీయించాకే మిగతా పని.

ముందు తేలిక పనులు. ట్యాంకులో ఆయిల్ ఉందా? వాల్వ్ తెరిచే ఉందా? ఫిల్టర్‌లో నీళ్లు, బురద చేరాయా? ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే పైపులోకి గాలి పోతుంది. ఒకే పైపు ఉన్న బర్నర్‌కైతే పంపు దగ్గర బ్లీడ్ చేసి ఆ గాలిని తీసేయాలి.

ఇవన్నీ బాగుంటే మెయిన్ స్విచ్ ఆపి, బర్నర్ చల్లారాక నాజిల్ (ఆయిల్‌ను జల్లుగా చిమ్మే మొన) ఉన్న గొట్టాన్ని బయటికి తీయండి. నాజిల్ మొహం తడిగా ఉండి ఆయిల్ వాసన వస్తుంటే ఆయిల్ వస్తోంది, అంటించే స్పార్క్ లేదని అర్థం. పొడిగా ఉంటే ఆయిలే రావడం లేదు. మంట వచ్చి కాసేపటికే ఆరిపోయి లాకౌట్ అయితే మాత్రం మంటను చూసే సెన్సర్ కన్నుకు మసి పట్టిందేమో చూడండి, మెత్తటి గుడ్డతో తుడవండి.

స్పార్క్ దగ్గర అసలు దొంగ చాలాసార్లు పింగాణీయే. ఎలక్ట్రోడ్ (కొన దగ్గర స్పార్క్ పుట్టించే లోహపు కడ్డీ) చుట్టూ ఉండే తెల్లటి పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా, నల్లటి గీతలా కార్బన్ పట్టినా కరెంటు అటునుంచే దారి చూసుకుంటుంది, కొనల మధ్య దూకదు. మసి అయితే తుడవండి, చీలిక ఉంటే మార్చేయండి. కొనల మధ్య ఖాళీ సాధారణంగా 3 నుంచి 4 మి.మీ. ఉంటుంది. నాజిల్‌కు ఎంత పైన, ఎంత ముందుకు ఉండాలో మీ బర్నర్ మాన్యువల్‌లోని కొలతే ప్రమాణం. కొనలు ఆయిల్ జల్లులోకి చొచ్చుకొస్తే వాటి మీద కార్బన్ గడ్డకడుతుంది. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌ని స్క్రూడ్రైవర్‌తో పరీక్షించే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు. అందులో వచ్చేది 10,000 వోల్టులు, కొత్త ఎలక్ట్రానిక్ ఇగ్నైటర్లలో ఇంకా ఎక్కువ. ఆ పని టెక్నీషియన్‌కు వదిలేయండి.

నాజిల్‌ను బాగుచేయాలని చూడకండి, కొత్తది వేయండి. తీగ, పిన్ను లోపలికి పెడితే వెంట్రుకంత సన్నని ఆ రంధ్రం దెబ్బతిని జల్లు ఒక పక్కకు పోతుంది. పాత నాజిల్ మీద 0.75, 80°, బి అన్నట్టు చెక్కి ఉంటుంది. మొదటిది 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిలో గంటకు ఎన్ని గ్యాలన్లో, రెండోది జల్లు కోణం, అక్షరం జల్లు తీరు. మాన్యువల్‌లో చెప్పినది, ఈ మూడూ సరిపోయేదే కొనండి. పెట్టెలోంచి తీసేటప్పుడు కొననూ వెనక ఉన్న జల్లెడనూ వేళ్లతో తాకకండి. వేలి మీది నలుసు చాలు రంధ్రం మూసుకుపోవడానికి. రెండు స్పానర్లతో, ఒకటి గొట్టాన్ని పట్టుకునేలా బిగించండి, అతిగా బిగిస్తే మరలు చెడతాయి.

బర్నర్ ఆగాక కూడా నాజిల్ నుంచి చుక్కలు కారుతుంటే పైపులో గాలి చిక్కుకుని ఉండొచ్చు, లేదా పంపులో ఆయిల్‌ను ఆపే కట్‌ఆఫ్ సరిగా మూసుకోకపోవచ్చు. నాజిల్ ముక్కు మీద నల్లటి కార్బన్ గడ్డకట్టడానికి ఈ చుక్కలే కారణం.

అన్నీ బిగించాక ఒకసారి స్టార్ట్ చేసి, చూసే కిటికీలోంచి మంటను గమనించండి. నిలకడగా ఉండాలి, చివర్లలో పొగ రాకూడదు. నాజిల్ మార్చారు కాబట్టి పొగ కొలిచే పరికరంతో గాలి సరిచేయించండి, కంటితో సరిచేస్తే కుదరదు. మళ్లీ లాకౌట్ అయితే రీసెట్ నొక్కకుండా మెయిన్ స్విచ్ ఆపి టెక్నీషియన్‌ను పిలవండి.