వానాకాలంలో అండమాన్‌లో బస ఎంచుకోవడం ఎలా?

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే పది రోజుల ముందే, సాధారణంగా మే మూడో వారంలో, అండమాన్ దీవులను తాకుతాయి. సెప్టెంబరు వరకు వాటి వానలు కురిస్తే, ఆ తర్వాత డిసెంబరు దాకా ఈశాన్య గాలుల వానలు కురుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల బెడద అదనం. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మి.మీ. అటూ ఇటూగా వర్షం పడితే, అక్కడ దాదాపు 3,000 మి.మీ. పడుతుంది. అయినా ఆ కాలంలో అండమాన్ వెళ్ళడం తెలివితక్కువ పనేమీ కాదు. గదుల అద్దెలు తగ్గుతాయి, తీరాల్లో రద్దీ ఉండదు, రోజంతా ముసురు పట్టే దినాల కంటే ఒక జల్లు కురిసి తెరిపి ఇచ్చే దినాలే ఎక్కువగా ఉంటాయి. అయితే ఎండల కాలంలో రాత్రి నిద్రకు మాత్రమే పనికివచ్చే గదిలో వానాకాలంలో సగం పగలు కూడా గడపవలసి వస్తుంది. అందువల్ల సముద్రానికి ఎంత దగ్గర అని అడిగే ముందు, ఆ చోటు దీవికి ఏ వైపున ఉందో, అక్కడి నుంచి జెట్టీకి చేరడం ఎంత సులభమో తెలుసుకోవడం మంచిది.

దిక్కు సంగతి ముందుగా చూద్దాం. మే నుంచి సెప్టెంబరు వరకు గాలి, కెరటాలు నైరుతి నుంచి వస్తాయి కనుక ప్రతి దీవిలోనూ పడమటి తీరం దెబ్బ తింటుంది, తూర్పు తీరం కొండలు, అడవి చాటున కొంత నెమ్మదిగా ఉంటుంది. హేవ్‌లాక్ దీవిలో (2018 డిసెంబరు నుంచి దీని అధికారిక నామం స్వరాజ్ ద్వీప్) ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పేరుపొందిన రాధానగర్ తీరం పడమటి వైపున ఉంది. జూలైలో అక్కడి అలలు చూడటానికి బాగుంటాయి గానీ ఈతకు పనికిరావు, ఎర్రజెండా ఎగరేసి ఉంటే నీటిలో కాలు పెట్టకపోవడమే మంచిది. గోవింద్ నగర్ నుంచి విజయనగర్, కాలాపత్తర్ వైపు సాగే రోడ్డు తూర్పు తీరం వెంట ఉంటుంది, ఎక్కువ హోటళ్ళు, రిసార్టులు కూడా అటువైపే ఉన్నాయి. కాబట్టి నైరుతి కాలంలో తూర్పు తీరాన బస చేసి, తెరిపి చూసుకుని ఒక పూట రాధానగర్‌కు వెళ్ళి రావడం సరైన పద్ధతి. నవంబరు, డిసెంబరు నెలల్లో గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది గనుక ఈ లెక్క తలకిందులై, రాధానగర్ వైపు సముద్రం శాంతించి, తూర్పు తీరం కల్లోలంగా మారుతుంది. హోటళ్ళ ప్రకటనల్లో ఈ విషయం కనబడదు. ఫోటోలన్నీ ఫిబ్రవరిలో తీసినవే.

తూర్పు తీరంలో ఉండే ఒక లోటు కూడా ముందే తెలిసి ఉండాలి. అక్కడ సముద్రం లోతు తక్కువ, పాటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు, పగడపు దిబ్బలు బయటపడతాయి, అందువల్ల గది ముందే ఈత కొట్టవచ్చునని ఆశపడేవారు పోటు వేళల కోసం ఎదురుచూడాలి. వానాకాలంలో ఎలాగూ ఈత అవకాశాలు తక్కువే గనుక, తీరానికి ఆనుకుని ఉన్న గదికి రెట్టింపు సొమ్ము పెట్టడం నా దృష్టిలో వృథా. అదే సొమ్ముతో రోడ్డుకు అవతల, కాస్త మెరక మీద ఉన్న గట్టి గదిని తీసుకోవచ్చు.

నీల్ దీవి, అంటే షహీద్ ద్వీప్, చిన్నది కావడం వల్ల అక్కడ ఈ ఎంపిక అంత జటిలం కాదు. ఉత్తరపు ఒడ్డున జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ పరిసరాలు వానల్లో అన్నిటికంటే అనుకూలం. లక్ష్మణ్‌పూర్ పడమర ముఖంగా ఉంటుంది కాబట్టి దాన్ని పొడి కాలానికి వదిలిపెట్టవచ్చు.

జెట్టీ విషయానికి వస్తే, పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు వేగంగా నడిచే నౌకలో వాతావరణం బాగుంటే గంటన్నర నుంచి రెండున్నర గంటల ప్రయాణం. బాగా లేకపోతే ప్రయాణమే ఉండదు. 2016 డిసెంబరులో, తర్వాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల వందలాది పర్యాటకులు హేవ్‌లాక్, నీల్ దీవుల్లో చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్ళి తీసుకురావలసి వచ్చింది. అంతటి తుపాను రాకపోయినా, గాలి పెరిగి ఒకటి రెండు రోజులు నౌకలు ఆగిపోవడం ఆ కాలంలో మామూలే. అందువల్ల చిన్న దీవుల్లో బసను ప్రయాణం మొదట్లో పెట్టుకుని, తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండేలా ఏర్పాటు చేసుకోవాలి. చివరి రోజు ఉదయం హేవ్‌లాక్‌లో నౌక ఎక్కి, మధ్యాహ్నం విమానం అందుకోవాలనే పథకం పొడి కాలంలోనే సాహసం. వానల్లో దాన్ని ఎవరికీ సిఫారసు చేయలేను. చిన్న దీవుల్లో జెట్టీకి దగ్గరగా బస చేస్తే, నౌక వేళలు మారాయన్న కబురు అందిన వెంటనే కదలడానికి వీలవుతుంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) గడిపే రాత్రులు దండగ అనుకోనక్కరలేదు. సెల్యులార్ జైలు, ప్రదర్శనశాలలు వానలోనూ చూడదగినవే, పగడాల దీవుల్లో జాలీబాయ్ వానాకాలంలో మూసి ఉన్నా వండూరు నుంచి రెడ్‌స్కిన్‌కు పడవలు నడిచే రోజులుంటాయి. బసకు అబర్డీన్ బజారు, డెలానీపూర్ ప్రాంతాలు మేలు: భోజనం, మందుల దుకాణాలు నడక దూరంలో ఉంటాయి, జి.బి. పంత్ ఆసుపత్రి దగ్గర, ఊరు కొండ వాలు మీద ఉండటం వల్ల నీరు నిలవదు. సముద్రపు ఒడ్డే కావాలనుకుంటే తూర్పున ఉన్న కార్బిన్స్ కోవ్ వైపు చూడవచ్చు. వండూరు పడమటి తీరం గనుక వానల్లో బసకు సరిపడదు. సిప్పీఘాట్ వంటి పల్లపు ప్రాంతాల గురించి మరికాస్త జాగ్రత్త అవసరం. 2004 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగిపోవడంతో అక్కడి పొలాల్లోకి సముద్రపు నీరు చేరింది. మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊళ్ళో చాలా ఉన్నాయి కాబట్టి ఏ వీధిలో నీరు నిలుస్తుందో తెలుగులోనే అడిగి తెలుసుకునే వెసులుబాటు మనకు ఉంది.

ఇక గది. కొబ్బరాకు కప్పు వేసిన వెదురు కుటీరాలు ముచ్చటగా ఉంటాయి గానీ, వాటి గోడల సందుల్లోంచి జల్లు లోపలికి కొడుతుంది, పరుపులకు చెమ్మ పడుతుంది, రెండో రోజుకే బట్టలు ముక్కవాసన వేస్తాయి. రేకుల కప్పు కారదు గానీ పెద్దవాన పడితే పక్కవారి మాట కూడా వినబడదు. పసిపిల్లలు, పెద్దవారు వెంట ఉంటే సిమెంటు శ్లాబు వేసిన పక్కా గదికి మించినది లేదు. చూరు బాగా ముందుకు వచ్చి, కూర్చోవడానికి వసారా ఉంటే వాన పడుతున్నంతసేపు గదిలో మగ్గనక్కరలేదు. తడిసిన బట్టలు ఆరేయడానికీ అదే చోటు. పైకప్పు లేని స్నానాల గదులను కొన్ని రిసార్టులు గొప్పగా చెప్పుకుంటాయి. వానలో గొడుగు పట్టుకుని స్నానానికి వెళ్ళే సరదా ఉన్నవారికి తప్ప అవి ఎవరికీ నచ్చవు. కరెంటు తరచుగా పోతుంది కాబట్టి జనరేటరు ఉందా అని అడిగి ఊరుకోకుండా, అది గదిలో ఏసీకి కూడా సరఫరా ఇస్తుందా, ఫ్యాన్లు, దీపాల వరకేనా అని రెట్టించి అడగాలి. చెమ్మను తగ్గించేది ఏసీయే. దోమతెర లేని గది వద్దు.

భోజనం సంగతి గదితో పాటే తేల్చుకోవాలి. దేశమంతటికీ ఒకే గడియారం కావడం వల్ల అండమాన్‌లో సాయంత్రం ఆరు దాటకముందే చీకటి పడుతుంది. పర్యాటకులు తక్కువగా ఉండే ఆ నెలల్లో హేవ్‌లాక్, నీల్ దీవుల్లో కొన్ని హోటళ్ళు మరమ్మతుల కోసం మూసివేస్తారు, తెరిచి ఉన్నవాటిలో కొన్నిచోట్ల వంటగది నడవదు. చీకట్లో, వానలో, స్కూటరు మీద అన్నం కోసం వెతుక్కునే స్థితి రాకుండా రాత్రి భోజనం అక్కడే దొరికే చోటును ఎంచుకోవాలి.

ఇంటి దగ్గర కూర్చుని ఇవన్నీ తేల్చుకోవడం కష్టమేమీ కాదు. మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి ఆ హోటలు ఏ దిక్కుకు ముఖం పెట్టిందో, పక్కన వాగు గానీ మడ అడవి గానీ ఉందో చూడాలి. మడ అడవుల దగ్గర దోమలే కాక ఉప్పునీటి మొసళ్ళ భయం కూడా ఉంటుంది. అతిథుల అభిప్రాయాల్లో జూన్, సెప్టెంబరు నెలల మధ్య రాసినవాటినే చదవాలి. తర్వాత నేరుగా ఫోను చేసి మాట్లాడాలి. నౌక రద్దయి మేము చేరలేకపోతే ఆ రాత్రి అద్దె తిరిగి ఇస్తారా, తిరిగి రాలేక ఒక రాత్రి అదనంగా ఉండవలసి వస్తే అదే ధరకు గది ఇస్తారా అన్నవి అడగవలసిన ముఖ్యమైన ప్రశ్నలు. నోటి మాటగా సరే అంటే దాన్ని వాట్సాప్‌లో రాయించుకోవాలి. అందుకు వెనుకాడితే మరో హోటలుకు ఫోను చేయడమే, ఆ కాలంలో ఖాళీ గదులకు కొదవ ఉండదు.