వరంగల్ కారం, సకినాలు విదేశీ షాపుల్లోకి చేరాలంటే ఏం చేయాలి?

అమెరికాలో ఉన్న పిల్లలకు సూట్‌కేసులో సకినాలు, కారంపొడి సర్దని ఇల్లు హన్మకొండలో తక్కువే. వాళ్ల ఫ్రెండ్స్ తిని "అమ్ముతారా ఆంటీ?" అని అడగ్గానే చాలామంది మిషన్ల ధరలు కనుక్కోవడం మొదలుపెడతారు. ఆగండి, మిషన్ సంగతి అన్నీ తేలాక చూసుకోవచ్చు. ఏది పంపాలి, ఎవరు కొంటారు అన్నవి ముందు తేలాలి.

ఏది పంపాలో రుచిని బట్టి కాకుండా రవాణాను బట్టి తేల్చుకోండి. కొరియర్ వాళ్లు డబ్బా బరువుతో పాటు అది ఆక్రమించే చోటు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 25, 20, 8 సెంటీమీటర్ల డబ్బాలో పావు కిలో సకినాలు పెడితే 800 గ్రాములకు డబ్బు కట్టాలి. అంటే సగానికి పైగా గాలికి కట్టినట్టే. పైగా దారిలో విరిగిన సకినాన్ని ఎవరూ కొనరు. అదే డబ్బాలో కారం అయితే కిలోన్నర పడుతుంది. అందుకే నా ఓటు ముందు కారానికి. సకినాలు తర్వాత ఓడలో, వేరే సరుకుతో కలిపి పంపుకోవచ్చు.

కారానికి ఏ మిర్చి వాడాలి? చపాటా రకం మిర్చికి ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువ. 2025లో 'వరంగల్ చపాటా'కు జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రంగు కోరే విదేశీయులకు ఇది సరిపోతుంది. మనోళ్లకు మాత్రం ఘాటైన తేజ రకం మిర్చి కలపకపోతే "ఇదేం కారం" అంటారు. కాబట్టి అవి రెండు వేర్వేరు ప్యాకెట్లు. జీఐ పేరును, గుర్తును ప్యాకెట్ మీద వేయాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కొన్నాం కదా అని వేసేయకూడదు.

ఇక కొనేవాళ్లు. అక్కడి ఇండియన్ షాపుకు సరుకు ఎక్కువగా దిగుమతిదారు నుంచే వస్తుంది. మీ బంధువులకు ఒక పని చెప్పండి: షాపులో ఉన్న కారం ప్యాకెట్ల వెనక వైపు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమనండి. దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రస్ చాలావాటి మీద ఉంటాయి. మీరు ఉత్తరం రాయాల్సింది వాళ్లకే. జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లకు గల్ఫ్‌లో చుట్టాలు ఎక్కువ కాబట్టి అటు నుంచి మొదలుపెట్టడం తేలిక. కాకపోతే లేబుల్ అరబిక్‌లో కూడా ఉండాలి.

దిగుమతిదారు శాంపిల్ కంటే ముందు ల్యాబ్ రిపోర్ట్ అడుగుతాడు. దానికి కారణం ఉంది. 2003లో మన దేశం నుంచి యూరప్ వెళ్లిన కారంలో సూడాన్ అనే, తిండిలో వాడకూడని పారిశ్రామిక రంగు దొరికింది. 2005లో బ్రిటన్‌లో అదే రంగు వల్ల వందల ఉత్పత్తులను షాపుల నుంచి వెనక్కి తీసుకున్నారు. రెండో భయం అఫ్లాటాక్సిన్, అంటే బూజు వదిలే విషం. యూరప్‌లో మిర్చికి బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మించకూడదు. ఈ బూజు కల్లంలోనే మొదలవుతుంది. వానకు తడిసి మళ్లీ ఎండిన కాయ, బరువు కోసం నీళ్లు చల్లిన బస్తా పైకి బాగానే కనిపిస్తాయి. నాలుగు కాయలు విరిచి లోపల చూడండి. టార్పాలిన్ పట్టాల మీద ఎండబెట్టిన రైతు దగ్గర రెండు రూపాయలు ఎక్కువైనా కొనండి. కారం పట్టించాక బూజును వేరు చేయలేరు కాబట్టి పట్టించక ముందే ఒకసారి టెస్ట్ చేయించాలి. మిర్చి పరీక్షలకు గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది.

కాగితాలకు అందరూ టెన్షన్ పడతారు గానీ, అవి వరుసగా చేస్తే అయిపోయేవే. కరెంట్ ఖాతా తెరిచి, విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలు కట్టి ఐఈసీ (ఎగుమతి, దిగుమతిదారుల కోడ్) తీసుకోండి. తర్వాత ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) సెంట్రల్ లైసెన్స్, జీఎస్టీ, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం, కస్టమ్స్‌లో ఇవ్వడానికి బ్యాంకు నుంచి ఏడీ కోడ్. కారం, పసుపులకు స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, సకినాలు, పచ్చళ్ల లాంటివాటికి అపెడా (వ్యవసాయ, ఆహార ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్. అమెరికాకైతే అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో మీ యూనిట్‌ను నమోదు చేయాలి, అక్కడ ఒక ఏజెంట్ ఉండాలి. ఈ నమోదుకు ఎఫ్‌డీఏ ఫీజు తీసుకోదు, మధ్యవర్తులు తీసుకుంటారు. నంబర్ వచ్చింది కదా అని 'ఎఫ్‌డీఏ అప్రూవ్డ్' అని మాత్రం అచ్చువేయకండి. నమోదు వేరు, ఆమోదం వేరు.

లేబుల్ దగ్గర మన పిండివంటలు ఎక్కువగా తప్పుతాయి. సకినాల్లో నువ్వులుంటాయి. 2023 జనవరి 1 నుంచి అమెరికా నువ్వులను తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో చేర్చింది. పచ్చట్లో వేసే ఆవపిండిని యూరప్, కెనడాల్లో చెప్పాలి. పల్లీలను దాదాపు ఎక్కడైనా చెప్పాల్సిందే. బియ్యప్పిండే కదా అని 'గ్లూటెన్ ఫ్రీ', అంటే గోధుమల్లో ఉండే గ్లూటెన్ లేదని రాయాలనిపిస్తుంది. కానీ మీ పిండి పట్టిన గిర్నీలో అంతకు ముందు గోధుమలు పట్టి ఉంటే? సొంత గిర్నీ, పరీక్ష రిపోర్ట్ రెండూ ఉంటేనే ఆ మాట రాయండి.

ధర వెనక నుంచి లెక్కేయండి. అక్కడి షాపు ధరలోంచి షాపు వాటా, దిగుమతిదారు వాటా, సుంకం, రవాణా తీసేస్తే మిగిలేదే మీ చేతికొచ్చేది. అందులో మీ ఖర్చు పట్టకపోతే ఆ దేశం వదిలేయండి. మొదటి ఆర్డర్‌కు కొంత అడ్వాన్స్ అడగడానికి మొహమాటపడొద్దు. అప్పుపై పంపాల్సి వస్తే, కొన్నవాళ్లు డబ్బు ఇవ్వకపోతే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా చూడండి.

సరుకు వెళ్లిన రోజే అదే బ్యాచ్ ప్యాకెట్లు నాలుగు, తేదీ రాసి మీ దగ్గర దాచండి. మూడు నెలల తర్వాత "రంగు మారింది" అని అక్కడి నుంచి మెసేజ్ వస్తే, ఒకటి తెరిచి ఫొటో తీసి పంపొచ్చు.