లంటానా తీసి గుట్టను మళ్లీ అడవిగా మార్చడం ఎలా?

ప్రతి వానాకాలం ఇదే చూస్తున్నాను. గుట్ట మీదికి జేసీబీ ఎక్కుతుంది. లంటానా అనే ముళ్ల కలుపు పొదల్ని మట్టితో సహా పెకిలిస్తుంది. మర్నాడు గుంతలు తీసి మొక్కలు నాటుతారు, ఫొటో దిగుతారు. ఎండాకాలం దాటేసరికి నాటినవి ఎండిపోతాయి, లంటానా మాత్రం ముందుకంటే దట్టంగా లేస్తుంది. మట్టిని తిరగేస్తే లోపల ఏళ్లుగా పడి ఉన్న గింజలు పైకొస్తాయి, వాటికి ఎండా వానా రెండూ దొరుకుతాయి. ఇంకేం కావాలి?

ఈ పని ఎవరికి వారే నేర్చుకోవచ్చు. డిగ్రీ అక్కర్లేదు. ఒక చిన్న చోటు, ఒక నోట్‌బుక్, మూడు వానాకాలాలు కావాలి.

చోటు మీ పట్టా భూమి అయితే మంచిది. ఊరి ఉమ్మడి భూమి అయితే పంచాయతీ అనుమతి కాగితం మీద తీసుకోండి. రిజర్వు ఫారెస్టులో అటవీ శాఖ అనుమతి లేకుండా కొమ్మ కూడా ముట్టుకోకూడదు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చాలు. మొదటి ఏడాది అంతకంటే పెద్దది వద్దు. నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. సన్నటి పదునైన గొడ్డలి, చిన్న గడ్డపార, మందపాటి తోలు గ్లవుజులు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తెచ్చుకోండి. సామాను అంతే.

మొదటి ఏడాది ఏదీ నరకకూడదు. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే వెళ్లి చూసింది రాయండి. పెన్సిల్‌తోనే రాయాలి, వానకు తడిసినా చెరగదు. ఫోన్‌లో రాసుకుంటే మళ్లీ తిరిగి చూడరు. చెట్ల పేర్లు మేకల కాపరుల్ని, తునికాకు కోసే ఆడవాళ్లని అడగండి. ఆకు ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లను నమ్మి చాలామంది తప్పు రాసుకుంటున్నారు. పువ్వు, కాయ చూశాకే పేరు ఖాయం చేయాలి.

ముఖ్యంగా పొదల కిందికి వంగి చూడండి. అక్కడే మీ అడవి ఉంది. తునికి, మోదుగ, పాలకొడిశ, రేల, మొర్రి లాంటివాటి పాత మోడులు, ఏళ్లుగా నీడలో మూరెడు ఎత్తుకు మించని పిలకలు కనిపిస్తాయి. వాటి వేర్లు నేలలో ఎప్పుడో దిగి ఉన్నాయి. నర్సరీ మొక్కకు ఆ వేరు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించండి. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడు కొన్నారు. పశువుల్ని, నిప్పును ఆపారు, వాన నీటిని నిలబెట్టారు. నేల తనంతట తానే పచ్చబడింది. అందుకే గుంతలు తీయడం నాకు ఇష్టం ఉండదు. పిలక కనబడిన ప్రతిచోటా ఒక కర్ర గుచ్చి, నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ లంటానా బాగా దట్టంగా ఉన్నచోటికే వెళ్తారు. అది తప్పు. పిలకలు ఎక్కువగా, లంటానా తక్కువగా ఉన్న అంచు నుంచి మొదలుపెట్టండి. 1960ల్లో సిడ్నీలో ఐలీన్, జోన్ బ్రాడ్లీ అనే అక్కాచెల్లెళ్లు తమ ఇంటి దగ్గరి అడవిలో సొంతంగా పనిచేస్తూ ఇది కనిపెట్టారు. బాగున్నచోటి నుంచి పాడైనచోటికి వెళ్లాలి, మట్టిని వీలైనంత తక్కువ కదపాలి, ఖాళీ అయిన చోటును అక్కడి మొక్కలు నింపిన తరవాతే ముందుకు జరగాలి. వాళ్లూ కళ్లతో చూసే నేర్చుకున్నారు.

ఇక అసలు పని, పొదను కోయడం. ఇక్కడే నూటికి తొంభై మంది చెడగొడతారు. దయచేసి నెమ్మదిగా చదవండి.

లంటానా కాండం వేరుగా మారే చోట ఒక ముడి లాంటి భాగం ఉంటుంది. కొత్త చిగుళ్లన్నీ అక్కడి నుంచే వస్తాయి. నేల మట్టానికి నరికితే ఆ ముడి అలాగే మిగిలిపోతుంది. నేను మొదటి ఏడాది నలభై పొదలు అలాగే నరికాను. దసరా నాటికి ఒక్కో మోడు నుంచి ఏడెనిమిది కొమ్మలు లేచాయి. పొద మొత్తాన్ని పెకిలిస్తే మట్టి తిరగబడుతుంది, పక్కనున్న మోదుగ పిలక వేరు తెగుతుంది. ఈ రెండూ కాకుండా, ముడికి కింద, నేలలో 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతులో, అంటే రెండు మూడు వేళ్ల లోతులో, తల్లివేరును ఒక్కచోట తెంచాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం ఈ పద్ధతిని ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలో చేసి చూపించింది. మందు కొట్టాలని సలహా ఇచ్చేవాళ్లున్నారు. పిలకల మధ్య మందు కొడితే పిలకలూ పోతాయి.

చేసే ముందు పొదను పొడుగు కర్రతో రెండు నిమిషాలు తట్టండి. రక్తపింజరి పడుకుని ఉండొచ్చు. గూడు కనిపిస్తే ఆ పొదను ఈ ఏడాది వదిలేయండి. అడ్డొచ్చే కొమ్మల్ని కొద్దిగా కోసి మొదలు దగ్గరికి చేరండి. చేత్తో మట్టి పక్కకు జరిపి ముడి ఎక్కడుందో కళ్లారా చూడండి. చూడకుండా గొడ్డలి ఎత్తకండి. నాలుగు దెబ్బల్లో వేరు తెగాలి. తెగకపోతే పదును సరిపోలేదన్నమాట. ఊపి లాగకండి, ఊపితే చుట్టూ నేల పగులుతుంది. జరిపిన మట్టిని మళ్లీ కప్పి పాదంతో మెల్లగా నొక్కండి.

తెగిన పొదను వెంటనే తలకిందులు చేసి, వేరు ఆకాశం వైపు ఉండేలా బండ మీద పెట్టండి. తడి నేలను తాకిన కొమ్మ మళ్లీ వేరు వేస్తుంది. నేల మీద ఒక్కరోజు వదిలేసినా నమ్మకం లేదు. కాల్చడం అస్సలు వద్దు. నిప్పుకు మీ పిలకలు మాడతాయి, పక్కన మిగిలిన లంటానా మొదళ్లు మళ్లీ చిగురిస్తాయి.

ఎప్పుడు కోయాలన్నది కూడా అంతే ముఖ్యం. తొలకరిలో రెండు మంచి వానలు పడి నేల మెత్తబడ్డాక, కాయలు కట్టకముందే కోయాలి. కాయలు అప్పటికే నల్లబడి ఉంటే ముందు వాటిని కోసి సంచిలో వేసుకోండి. ఒక రోజుకు పది పొదలు దాటకండి. అలిసిపోయిన చెయ్యి ముడి పైనే నరుకుతుంది.

ఆ తరవాత పని తేలిక. పికిలి పిట్టలు, గోరింకలు వాలే పెద్ద చెట్ల కింద లంటానా మొలకలు గుంపుగా వస్తాయి, ఎందుకంటే కాయలు తిన్న పిట్టలు గింజల్ని అక్కడే వదులుతాయి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి వెళ్లి, వేలెడు ఎత్తులో ఉండగానే చేత్తో పీకేయండి. ఖాళీ నేల మీద చుట్టుపక్కల గట్ల నుంచి తెచ్చిన గడ్డి గింజలు చల్లండి, కొన్న విత్తనం కాదు. ఎండిన పొదల్ని హద్దు చుట్టూ కంపగా వేస్తే మేకలు రావు. తునికి, మోదుగ లాంటి చెట్టు మోడు నుంచి పిలకలు చాలా లేస్తే రెండో ఏడాది వాటిలో నిటారైన రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. మూడో ఏడాది అదే తేదీన వెళ్లి, కర్ర గుచ్చిన ప్రతి పిలక ఎత్తునూ కొలిచి, మొదటి ఏడాది పేజీ పక్కనే రాసుకోండి. కొత్త పది మీటర్ల చోటు రాళ్లు ఆ రోజే పెట్టండి.