బ్లూగిల్ ఎదగడం లేదా? మేత బస్తా కొనే ముందు ఇది చూడండి

గాలం వేస్తే చాలు చేప పడుతుంది, కానీ అన్నీ అరచేతిలో పట్టే పిల్లలే. బ్లూగిల్ (ఉత్తర అమెరికాకు చెందిన చిన్న మంచినీటి చేప) చెరువు ఉన్నవాళ్ల నోట ఎక్కువగా వినేది ఈ మాటే. వెంటనే మేత బస్తాలు కొంటారు, కొత్త పిల్లల్ని తెచ్చి వదులుతారు. స్కేలు మాత్రం ఎవరూ బయటికి తీయరు.

ముందు కొలవండి. బ్లూగిల్‌తో పాటు, దాన్ని వేటాడి తినే లార్జ్‌మౌత్ బాస్ చేప పొడవు కూడా రాసుకోండి. సగం జవాబు అక్కడే ఉంటుంది.

బ్లూగిల్ అన్నీ 3-5 అంగుళాలు, బాస్ ఎప్పుడో ఒకటి, అదీ బాగా బలిసి ఉంది. వేటాడే చేప చాలడం లేదు. బాస్‌ని కూరకు పట్టడం మానండి, చిన్న బ్లూగిల్‌ని తీసేస్తూ ఉండండి. గట్ల వెంట కలుపు దట్టంగా ఉంటే పిల్లలు అందులో దాక్కుంటాయి, కొంత తీయించండి.

బాస్ బక్కగా ఉన్నాయి, బ్లూగిల్ పెద్దవి. మీకు కావలసింది బ్లూగిలే అయితే ఇది సమస్యే కాదు.

బాస్ సరిపడా ఉన్నాయి, కలుపూ లేదు, అయినా బ్లూగిల్ పెరగడం లేదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. చెరువులోంచి ఏ చేప బయటికి పోతోందో చూడండి. నీళ్లు 21 డిగ్రీల సెల్సియస్ దాటాక మగ చేపలు లోతు తక్కువ చోట గుండ్రటి గూళ్లు తవ్వి, గుడ్లకు కాపలా కాస్తాయి. రొమ్ము నారింజ రంగుకు తిరిగిన పెద్ద మగవి గూడు వదిలి పోవు, ఎర ఏది వేసినా మీద పడతాయి. అంత సులువుగా దొరికితే బకెట్ నింపకుండా ఎవరుంటారు? ప్రతి ఏడూ ఇదే తంతు.

పెద్ద మగవి ఉన్నంత కాలం చిన్న మగవాటికి మంచి చోట గూడు దక్కదు. అందుకే తిన్నదంతా ఒంటికి పట్టించుకుని ఆలస్యంగా ఈడుకొస్తాయి. పెద్దవి పోతే చిన్నవి ముందే ఈడుకొచ్చి గూళ్లు తవ్వడం మొదలుపెడతాయి. ఇక ఆ శక్తి పెరుగుదలకు మిగలదు. మీరు మేత ఎంత పోసినా అంతే.

నిర్ధారణకు ల్యాబ్ అక్కర్లేదు. గుడ్ల కాలంలో గట్టు మీద నిలబడి గూళ్లను చూడండి. 4-5 అంగుళాల చేపలే కాపలా కాస్తుంటే రోగం ఇదే. (గూటి పక్క నక్కి ఉండే బుల్లి మగవి వేరు, అవి చాలా చెరువుల్లో ఉంటాయి. వాటిని లెక్కలోకి తీసుకోకండి.)

చేయాల్సింది: 8 అంగుళాలు దాటిన మగదాన్ని, ముఖ్యంగా గూటి మీద దొరికినదాన్ని, నీళ్లలోకి వదిలేయండి. కూరకు 6 అంగుళాలవి చాలు. ఒక్క సీజన్‌లో తేడా కనపడదు, రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. అతిథులకు కూడా ఈ నియమం ముందే చెప్పండి, మొహమాటపడితే ఒక్క వారాంతంలో చేసిందంతా పోతుంది.

బెండు మునుగుతోంది, చేప మాత్రం పడటం లేదా? హుక్ పెద్దది. బ్లూగిల్ నోరు చిన్నది. 8 లేదా 10 నంబరు హుక్, చిన్న వానపాము ముక్క చాలు.

జబ్బులూ, నీటిలో లోపాలూ ఈ సమస్యకు అరుదుగా కారణం. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం అది ఆక్సిజన్ కొరత. మేత ఆపి వెంటనే ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) వేయండి.