నీళ్ల బకెట్‌తో చిన్నపిల్లలకి భౌతికశాస్త్రం ఎలా మొదలుపెట్టాలి?

రాయి నీళ్లలో ఎందుకు మునిగిందని ఐదేళ్ల పిల్లని అడగండి. "బరువుగా ఉంది కదా" అంటుంది. పెద్దవాళ్లని అడిగినా చాలామంది చెప్పేది అదే. అప్పుడు ఒక ముదురు కొబ్బరికాయని బకెట్లో వెయ్యండి, అది తేలుతుంది. పక్కనే ఒక చింతపిక్క వెయ్యండి, అది అడుక్కి పోతుంది. పిల్ల మొహంలో అప్పుడు కనిపించే అయోమయం నుంచే మన పాఠం మొదలవుతుంది.

నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఈ ఆట బాగా సరిపోతుంది. ఖర్చు దాదాపు లేదు, గంటసేపు చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: నీళ్ల బకెట్ దగ్గర చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. ఫోన్ మోగినా సరే, పిల్లని వెంటబెట్టుకునే లేవండి.

1. సరంజామా

ఒక పెద్ద బకెట్ లేదా టబ్బు, అందులో ముప్పావు వంతు నీళ్లు. కొబ్బరికాయ, చింతపిక్కలు, బంగాళదుంప, రెండు కమలాపండ్లు, స్టీలు చెంచా, స్టీలు గిన్నె, మేకు, రూపాయి బిళ్ల, ఎండు పుల్ల, ఖాళీ ప్లాస్టిక్ సీసా. బొమ్మలు చేసుకునే క్లే ఒక ముద్ద, ఒక తాజా కోడిగుడ్డు, ఉప్పు. కొబ్బరికాయని ఊపి చూసి తీసుకోండి. నీళ్లు గలగలమంటున్నాయంటే లోపల గాలి కూడా ఉన్నట్టే, మనకి కావాల్సింది అలాంటి కాయే. మేకు మీ చేతిలోనే ఉంచుకోండి.

2. ముందు చెప్పించండి, తర్వాత వేయించండి

సుద్దముక్కతో నేల మీద రెండు గళ్లు గియ్యండి, ఒకటి తేలేవాటికి, ఒకటి మునిగేవాటికి. ఒక్కో వస్తువునీ చేత్తో పట్టుకుని చూసి, ఏ గడిలో పెట్టాలో పిల్లలే తేల్చుకోవాలి. అన్నీ సర్దాకే నీళ్లలో వెయ్యడం.

ఈ వరసని మాత్రం తప్పించకండి. మొదటిసారి మా మేనల్లుడితో ఈ ఆట ఆడినప్పుడు నేను ముందే అన్నీ వివరించేశాను. వాడు రెండు నిమిషాలు విని, బకెట్లో చేతులు పెట్టి నీళ్లు చిమ్ముతూ కూర్చున్నాడు. ఇంకో ఆదివారం నోరు మూసుకుని "ఏమవుతుందో నువ్వే చెప్పు" అన్నాను. కొబ్బరికాయని రెండు చేతులా మోసుకెళ్లి మునిగే గడిలో పెట్టాడు. అది నీళ్లలో తేలేసరికి, "అత్తా, ఇది మోసం!" అని మూడుసార్లు ముంచి చూశాడు.

తప్పు చెప్పినప్పుడు నవ్వకండి. "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి, అంతే. జవాబు వచ్చే దాకా ఆగడం మనకే కష్టం.

3. కొబ్బరికాయ పంచాయితీ

ఇక్కడ కాసేపు ఆగాలి. బరువైనవి మునుగుతాయన్న పిల్లల సూత్రం ఇప్పుడు దెబ్బతింది. కొత్త సూత్రం వాళ్లే వెతుక్కోవాలి. "పెద్దవి తేలుతాయి" అంటారు కొందరు. అయితే బంగాళదుంప వెయ్యండి, మునుగుతుంది. పక్కనే ఎండు పుల్ల వెయ్యండి, తేలుతుంది. ఆ సూత్రమూ పోయింది.

అసలు సంగతి మీకు తెలిసుంటే చాలు. నీళ్లలో పెట్టిన వస్తువు కొన్ని నీళ్లని పక్కకి నెడుతుంది. నెట్టిన నీళ్ల బరువెంతో, అంత బలంతో నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. లీటరు నీళ్లు సుమారు కిలో తూగుతాయి కదా. 600 గ్రాముల కాయ 600 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ చోటు ఆక్రమించేదైతే, పూర్తిగా మునగకముందే దాని బరువుకి సరిపడా నీళ్లని నెట్టేస్తుంది. ఇక మునగాల్సిన పని లేదు. చింతపిక్క తేలికే, కానీ అది నెట్టే నీళ్లు ఇంకా తేలిక. రెండువేల ఏళ్లకి పైగా కిందట ఆర్కిమెడీస్ చెప్పింది ఇదే. సాంద్రత అన్న మాట మాత్రం ఇప్పుడే వద్దు. మాట వచ్చేస్తే విషయం కూడా వచ్చేసినట్టు పిల్లలూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం.

ఖాళీ సీసాకి మూత బిగించి, నీళ్లలోకి అదమమనండి. చేతిని పైకి తోసే ఆ బలం ఏ బొమ్మ చూపించినా అర్థం కాదు.

4. కమలాపండు

తొక్కతో ఉన్న పండు తేలుతుంది. రెండోది ఒలిచి వెయ్యండి, మునుగుతుంది. తొక్కలో సన్నటి గాలి గదులుంటాయి. ఒక్కో పండు మొండికేస్తుంది కాబట్టి పిల్లల కంటే ముందు మీరొకసారి చూసుకోవడం మంచిది. తర్వాత రెండూ తినెయ్యొచ్చు.

5. క్లే పడవ

ముద్దగా వేస్తే క్లే మునుగుతుంది. అదే ముద్దని అంచులు పైకి లేపి గిన్నెలా చెయ్యమనండి. బరువు మారలేదు, ఆకారం మారింది, ఇప్పుడు తేలుతుంది. స్టీలు చెంచా మునిగి స్టీలు గిన్నె తేలడం కూడా ఇలాంటిదే, పిల్లలు అది వాళ్లంతట వాళ్లే పట్టుకుంటే ఇంకా బాగుంటుంది. ఆ పడవలో రూపాయి బిళ్లలు ఒక్కొక్కటే వేస్తూ ఎన్నింటికి మునుగుతుందో లెక్కపెట్టించండి. రెండో పడవ వెడల్పుగా చేస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు.

6. ఉప్పునీళ్లలో గుడ్డు

అర లీటరు నీళ్లలో తాజా గుడ్డు వేస్తే అడుక్కి చేరుతుంది. గుడ్డు తీసి, పెద్ద చెంచాతో ఉప్పు వేసి బాగా కలిపి, మళ్లీ వెయ్యండి. తేలే దాకా ఇలాగే ఒక్కో చెంచా. మాకు నాలుగైదు చెంచాలు పట్టింది. గుడ్డు మారలేదు, నీళ్లే బరువెక్కాయి. చాలా రోజులు నిలవున్న గుడ్డు మంచినీళ్లలోనే తేలొచ్చు, దాని లోపల గాలి గది పెద్దదవుతుంది కాబట్టి.

ఇంట్లో వ్యవసాయం తెలిసిన తాతయ్య ఉంటే ఇప్పుడు పిలవండి. విత్తన వడ్లు ఎంచుకోవడానికి ఉప్పునీళ్లు కలిపి, చిక్కదనం సరిపోయిందో లేదో చూడటానికి అందులో గుడ్డు వేసే పద్ధతి ఒకటుంది. గుడ్డు తేలాక వడ్లు పోస్తారు. తాలు గింజలు పైకొస్తాయి, గట్టి గింజలు అడుగున ఉంటాయి. తాలు తీసేసి, గట్టి గింజల్ని మంచినీళ్లతో కడిగి వాడతారు. గుప్పెడు వడ్లు దొరికితే పిల్లలతోనే చేయించండి.

చివర్లో బకెట్ నీళ్లు మొక్కలకి పోయించండి. ఉప్పునీళ్లు మాత్రం సింకులోకే, మొక్కలు చచ్చిపోతాయి. మా వాడు అప్పుడే అడిగాడు: "సముద్రంలో కొబ్బరికాయ ఇంకా పైకి తేలుతుందా అత్తా?" వచ్చే వారం బకెట్లో ఎంత ఉప్పు కలపాలో లెక్క వేస్తున్నాం.