సపోర్ట్, రెసిస్టెన్స్ గీతలు తప్పుతున్నాయా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కరెన్సీ (ఫారెక్స్) చార్ట్‌లో ధర పడకుండా ఆగే చోటు సపోర్ట్, పెరగకుండా ఆగే చోటు రెసిస్టెన్స్. ఈ రెండిటినీ లెవెల్స్ అంటారు.

సమస్య: ధర గీతను నాలుగైదు పిప్‌లు (పిప్ అంటే ధర కదలికను కొలిచే చిన్న కొలత, చాలా జతల్లో 0.0001) దాటి, స్టాప్ లాస్ (నష్టాన్ని ఆపడానికి ముందే పెట్టుకున్న ధర) కొట్టేసి, మళ్లీ వెనక్కి తిరుగుతుంది.

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. లెవెల్‌ను ఒక్క ధర దగ్గర సన్నని గీతగా గీయడమే కారణం. కరెన్సీలకు అందరికీ ఉమ్మడిగా ఒకే ఎక్స్ఛేంజ్ ఉండదు కాబట్టి కోట్ బ్రోకర్‌ను బట్టి కొద్దిగా మారుతుంది. ఆర్డర్లు కూడా ఒకే ధర దగ్గర కాక, పైకీ కిందికీ పరుచుకుని ఉంటాయి.

గీత తీసేసి జోన్ గీయండి. రెసిస్టెన్స్ అయితే, అక్కడ తిరిగిన క్యాండిళ్లలో (ఒక్కో కాలవ్యవధిలో ధర కదలికను చూపే కడ్డీలు) అన్నిటికంటే పైనున్న విక్ (కడ్డీ నుంచి బయటికి వచ్చే సన్నని గీత) కొన ఒక అంచు. వాటి బాడీలు (ప్రారంభ, ముగింపు ధరల మధ్య ఉండే మందపాటి భాగం) గుంపుగా ఆగిన చోటు రెండో అంచు. వార్తల సమయంలో ఒంటరిగా పొడుచుకొచ్చిన విక్‌ను లెక్కలోకి తీసుకోకండి. డైలీ చార్ట్‌లో జోన్ వెడల్పు 14 రోజుల ఏటీఆర్‌లో (ధర రోజుకు సగటున కదిలే దూరం) మూడో వంతు లోపు ఉంటే మంచిది: ఏటీఆర్ 60 పిప్‌లైతే జోన్ 20 పిప్‌లు. అంతకు మించితే, రెండు లెవెల్స్‌ను ఒకటిగా కలిపేశారేమో చూసుకోండి. స్టాప్ లాస్ జోన్ లోపల కాదు, దాని అవతల ఉండాలి.

సమస్య: చార్ట్‌లో ధర స్టాప్‌ను తాకనే లేదు, అయినా సెల్ ట్రేడ్ (ముందు అమ్మి, తర్వాత కొని మూసేది) మూసుకుపోయింది.

బ్రోకర్ మోసం చేశాడనుకునే ముందు ఇది చూడండి. మెటాట్రేడర్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ చార్ట్ మామూలుగా బిడ్ ధరను (మీరు అమ్మితే వచ్చేది) మాత్రమే చూపిస్తుంది. సెల్ ట్రేడ్ మూసుకునేది ఆస్క్ ధర (మీరు కొనాల్సినది) దగ్గర. ఈ రెండు ధరల తేడానే స్ప్రెడ్. స్టాప్ 1.1000 దగ్గర పెట్టారు, చార్ట్‌లో గరిష్ఠం 1.0998, స్ప్రెడ్ 3 పిప్‌లు అనుకుందాం. అప్పుడు ఆస్క్ 1.1001, అంటే స్టాప్ తగిలినట్టే. ఎఫ్8 నొక్కి, చార్ట్ సెట్టింగుల్లో ఆస్క్ గీతను ఆన్ చేయండి. రెసిస్టెన్స్ పైన పెట్టే స్టాప్‌కు స్ప్రెడ్‌ను అదనంగా కలపండి. న్యూయార్క్ సమయం సాయంత్రం 5 గంటలప్పుడు స్ప్రెడ్ బాగా విచ్చుకుంటుంది. అప్పటిదాకా ట్రేడ్ ఉంచేవారు ఇంకాస్త ఎడం ఇవ్వాలి.

సమస్య: చార్ట్ నిండా గీతలే.

చిన్న టైమ్‌ఫ్రేమ్‌లో (ఒక్కో క్యాండిల్ చూపే కాలవ్యవధి) మొదలుపెట్టడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. అన్నీ చెరిపేసి వీక్లీ, తర్వాత డైలీ చూడండి. ధర తాకి, వెంటనే గట్టిగా దూరం జరిగిన చోట్లు మాత్రమే ఉంచండి. ప్రస్తుత ధరకు పైన మూడు, కింద మూడు చాలు.

సమస్య: మీ డైలీ లెవెల్స్ వేరొకరి వాటితో కలవవు.

బ్రోకర్ల సర్వర్ సమయం వేరుగా ఉండటమే కారణం. వారానికి ఆరు డైలీ క్యాండిళ్లు కనిపిస్తే, ఆదివారపు చిన్న క్యాండిల్ విడిగా వస్తోందని అర్థం. న్యూయార్క్ ముగింపుతో రోజును లెక్కించే చార్ట్ వాడితే ఐదే వస్తాయి.

సమస్య: బ్రేకౌట్ (ధర లెవెల్‌ను దాటి బయటికి రావడం) అనుకుని కొంటే ధర మళ్లీ లోపలికి వచ్చేస్తుంది.

లెవెల్‌ను ఏ టైమ్‌ఫ్రేమ్‌లో గీశారో, అదే టైమ్‌ఫ్రేమ్‌లో క్యాండిల్ జోన్ బయట ముగిసేదాకా ఆగండి. నాలుగు గంటల చార్ట్ లెవెల్‌కు ఐదు నిమిషాల క్యాండిల్ సాక్ష్యం చెల్లదు.

సమస్య: ఎన్నోసార్లు నిలబడిన లెవెల్ ఒక్కసారిగా తెగిపోయింది.

ఎక్కువసార్లు తాకితే లెవెల్ అంత బలపడుతుందన్న నమ్మకం సగమే నిజం. ప్రతి తాకిడికీ అక్కడున్న ఆర్డర్లు కొన్ని ఖర్చవుతాయి. డాలర్-యెన్ జత 2022 అక్టోబరులోనూ, 2023 నవంబరులోనూ 152కు కాస్త కిందే ఆగి వెనుదిరిగింది. 2024 ఏప్రిల్‌లో దాన్ని దాటి, ఆ నెలాఖరుకు 160 తాకింది. ఆ గీతను అప్పుడే చెరిపేసినవారు తర్వాతి మలుపును చూడలేకపోయారు: మే మొదటి వారంలో ధర మళ్లీ 152 దగ్గరికే దిగి, అక్కడి నుంచి పైకి లేచింది. పాత రెసిస్టెన్స్ సపోర్ట్‌గా మారింది. అందుకే తెగిన లెవెల్‌ను తీసేయకండి, రంగు మార్చి ఉంచండి. ధర రెండు వైపుల నుంచీ దాన్ని పట్టించుకోకుండా దూసుకుపోతున్నప్పుడే చెరపండి.