ఇంటిగ్రేషన్‌లో మైనస్‌లు పోకుండా నేనేం చేశానంటే
ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2బీలో సూత్రాలన్నీ నాకు నోటికొచ్చు. అయినా పరీక్షలో టెన్షన్ పడి సైన్ 2ఎక్స్‌కి ఇంటిగ్రల్ కాస్ 2ఎక్స్ అని రాసేసేదాన్ని. మార్కు పోయేది, ఏడుపొచ్చేది.

తర్వాత ఒక్కటే అలవాటు చేసుకున్నాను. జవాబు రాయగానే దాన్ని డిఫరెన్షియేట్ చేసి చూడటం. ఇంటిగ్రేషన్‌కి అది తిరుగు పని కదా, జవాబు సరైనదైతే ప్రశ్నలో ఇచ్చిందే తిరిగి రావాలి. కాస్ 2ఎక్స్‌ని చేస్తే మైనస్ 2 సైన్ 2ఎక్స్ వస్తుంది. మనకు కావలసింది ఉత్త సైన్ 2ఎక్స్, కాబట్టి మైనస్ 2తో భాగించాలి. అంటే మైనస్ కాస్ 2ఎక్స్ బై 2, ప్లస్ సి (ఏదో ఒక స్థిర సంఖ్య). పది సెకన్ల పని.

1 బై ఎక్స్ దగ్గరా ఇదే నన్ను కాపాడింది. 1 బై ఎక్స్ అంటే ఎక్స్ ఘాతం మైనస్ 1. మామూలు సూత్రంలా ఘాతానికి 1 కలిపి, వచ్చినదానితో భాగించబోతే కింద సున్నా వచ్చింది, అలా కుదరదు కదా! దేన్ని డిఫరెన్షియేట్ చేస్తే 1 బై ఎక్స్ వస్తుందా అని వెనక్కి వెళ్తే లాగ్ మాడ్ ఎక్స్ (గుర్తు వదిలేసిన ఎక్స్ విలువకి సహజ లాగరిథమ్) దొరికింది.